వియ్యంకుడికి నేర్పిన మాటలు

కెంపుపాలెం వైద్యశాల, మాటల దినచర్య.
రాసేది భానోజీ, ఎం.ఏ. తెలుగు. అంగారకుడి మీద ఆ డిగ్రీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఈ గ్రహపు పండితుల్లో మొదటివాణ్ణి నేనే, ఆఖరివాణ్ణి కూడా నేనే.

నమోదు 1. మాట: ఒళ్ళు

ఒళ్ళు అంటే శరీరం. అంతవరకు నిఘంటువు చెబుతుంది, మా వైద్యయంత్రానికీ తెలుసు. దానికి తెలియనిదల్లా ఆ ఒళ్ళు తిన్నగా ఒకచోట ఉండదని. కొందరు దాన్ని వంచరు. కొందరికది పొగరుతో బలుస్తుంది. నిద్రపోయినవాడికి ఒళ్ళు తెలియదు, కోపమొచ్చినవాడికి ఒళ్ళు మండుతుంది. నోరు జారినవాణ్ణి ఒళ్ళు దగ్గర పెట్టుకోమంటారు, అదేదో ఎక్కడో మరిచిపోయి వచ్చే గొడుగైనట్టు.

ఈ సంగతులు చెప్పే దిక్కు లేకపోవడం వల్లే మొన్న ఊరికి గాలి వడపోసే గాలిమిల్లులో పనిచేసే ఒకడు "మేస్త్రీ మాటలకి ఒళ్ళు మండిపోయిందండి" అనగానే యంత్రం వాణ్ణి పట్టుకుని మెడ నుంచి మడమల దాకా చల్లటి మందు పూసి, తెల్లగుడ్డ చుట్టి పడుకోబెట్టింది. రెండు పూటలు వాడలాగే ఉన్నాడు. విడిపించాక, నోరు విప్పి చెప్పొచ్చు కదరా అంటే, "పెద్దాయన అంత ఆప్యాయంగా చేస్తుంటే వద్దనడానికి మొహమాటమేసిందండి" అన్నాడు.

ఆ మర్నాడే నాకీ ఉద్యోగం వచ్చింది. ఒంటికీ ప్రాణానికీ సంబంధించిన మాటల్ని మా వాళ్ళు రోజూ ఏ అర్థంలో వాడతారో యంత్రం చదువుకునేలా రాయాలి. మిగతా సమయంలో అందరిలాగే లోపలి తలుపు దగ్గర దుమ్ము దులపాలి, గాలిమిల్లు వడపోత గుడ్డలు ఉతకాలి.

మా తాతలు గోదావరి ఒడ్డు నుంచి ఈ సొరంగాల్లోకి వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి రెండే రెండు: గోంగూర విత్తనాలు, మొహమాటం. రెండూ ఈ ఎర్రమట్టిలో బ్రహ్మాండంగా పట్టాయి.

యంత్రానికి ఊళ్ళో పేరు వియ్యంకుడు. ఆ పేరు పెట్టింది మంగాయమ్మత్త. ఆవిడ మా ఉమ్మడి వంటశాలకు పెద్ద, వరసతో పని లేకుండా అందరికీ అత్త. యంత్రం వచ్చిన మొదటిరోజు సొరంగాలన్నీ తిరిగి, అందరి ఆరోగ్యం అడిగి, ఏం తింటారో అడిగి, గోడలు తట్టి చూసి, చివరికి గాలి సరిగా ఆడటం లేదని వంక పెట్టింది. గుమ్మంలో గరిటెతో నిలబడి చూస్తున్న అత్త, "సంబంధం చూడ్డానికొచ్చిన వియ్యంకుడిలా ఉన్నాడే ఈయన. అందరూ కాస్త మంచి బట్టలు కట్టుకోండర్రా, పరువు పోద్ది" అంది. పేరు అతుక్కుపోయింది. వరసలూ వాటంతటవే కుదిరాయి. ఆవిడ దాన్ని అన్నయ్యగారూ అంటుంది. అది ఆవిణ్ణి చెల్లెమ్మగారూ అంటుంది.

నమోదు 9. మాట: ప్రాణం

పొద్దున్నే వియ్యంకుడు ఒక సందేహం పంపాడు. "మంగాయమ్మగారు ప్రాణం పెట్టి వండుతారని పలువురు చెప్పారు. ఆమె ఇప్పటికీ జీవించి ఉన్నారు. వివరించగలరు."

వివరిస్తున్నాను. ప్రాణం ఉన్నంతసేపూ ఎవరూ దాని పేరెత్తరు. పోయేటప్పుడు, తీసేటప్పుడు, విసిగేటప్పుడు మాత్రమే ఎత్తుతారు. అది మజ్జిగ తాగితే లేచొస్తుంది. పక్కగదివాడు పాట అందుకుంటే పోతుంది. కొందరు దాన్ని పిల్లల మీద పెట్టుకుంటారు. అత్త పప్పులో పెడుతుంది. ప్రాణం తీపి అన్నది అందరికీ తెలిసిన సంగతే, కానీ నాకు తీపి అని ఎవరూ చెప్పుకోరు. అది సిగ్గుపడాల్సిన విషయం. ఎందుకని అడక్కండి, ఎం.ఏ.లో ఆ పాఠం లేదు.

మధ్యాహ్నం చేతులకంటిన ఎర్రదనం పూర్తిగా పోకుండానే వంటశాలకు వెళ్ళాను. అక్కడి పద్ధతి కూడా రాసి పెడతాను, వియ్యంకుడికి పొట్ట లేదు కాబట్టి.

అత్త మొదటిసారి అడుగుతుంది: "ఇంకాస్త పప్పు వెయ్యనా?" వద్దనాలి. వెంటనే సరేనన్నవాడికి పెంపకం లేదంటారు. రెండోసారి అడుగుతుంది: "ఏం తిన్నావని, కాకిలా గెలికావు." అప్పుడూ వద్దనాలి, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి అత్త మన మాట వినదు, మన చెయ్యి చూస్తుంది. నిజంగా కడుపు నిండినవాడు వేళ్ళు దగ్గరగా మూసి కంచం కప్పేస్తాడు. ఆకలున్నవాడి చెయ్యీ కంచం మీదే ఉంటుంది గానీ వేళ్ళు విడివిడిగా ఉంటాయి, గరిటెడు పప్పు దిగేంత సందుతో. అప్పుడు నోరు "కొంచెమే" అంటుంది. కొంచెమే అన్నవాడికి గరిటె నిండా ఖాయం.

ఇవాళ మూడో గరిటె నా కంచంలో పడలేదు, మణికట్టు మీద పడింది. అత్త దగ్గుతోంది. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో గోడ పట్టుకుంది.

"ఏంటత్తా అది?"

"పోపు ఘాటురా. తిను."

పోపు పెట్టి గంటైంది. గోడగోడకీ ఉన్న వియ్యంకుడి కళ్ళలో ఒకటి అత్త వైపు తిరగడం నేను చూశాను. పైన తుపాను మొదలైందట. ఊరూరా తిరిగే ఊపిరితొట్టి బండి ముందుకు కదల్లేక మన ఊళ్ళో ఆగింది.

నమోదు 12. మాట: కట్టె

ఈ గ్రహం మీద కట్టెపుల్ల అన్నది లేదు. మా తరంలో ఎవరూ చెట్టు చూడలేదు. అయినా పెద్దవాళ్ళు ఒంటిని కట్టె అంటూనే ఉన్నారు. "ఈ కట్టె ఎన్నాళ్ళుంటుందిలే" అంటే ఒంటి మీద విరక్తి అనుకోకూడదు. ఆ మాట అనేవాళ్ళు సాధారణంగా అన్నాక మందు వేసుకుంటారు.

ఇది ముందే రాసి ఉండాల్సింది. ఒక్కరోజు ఆలస్యమైంది.

నిన్న వియ్యంకుడు అత్తని పిలిపించాడు. అర్థాలు చెప్పడానికి నేనూ వెళ్ళాను. అత్త తలదువ్వుకుని, పెళ్ళిళ్ళకి కట్టే ఎర్రంచు చీర కట్టుకుని వచ్చింది. వియ్యంకుడి ఎదుట ఎవరైనా అలాగే వెళతారు. గాలిమిల్లు కుర్రాళ్ళు సైతం స్నానం చేసి మరీ రోగాలు చెప్పుకుంటారు.

"చెల్లెమ్మగారూ, మీ ఊపిరితిత్తుల్లో ఎర్రదుమ్ము గూడు కట్టింది. చికిత్స లేకపోతే వచ్చే తుపాను కాలం దాకా మీరు ఉండకపోవచ్చు. ఊపిరితొట్టి ఇక్కడే ఉంది. తుపాను తగ్గగానే బండి తర్వాతి ఊరికి వెళుతుంది. తొట్టిలో చికిత్స కావాలా?"

ఊపిరితొట్టి అంటే మనిషిని నిద్రలో పెట్టి, లోపల పాత ఊపిరితిత్తుల మీద కొత్త పొర మొలిపించే తొట్టి. ఈ గ్రహం మొత్తానికి ఒకటే ఉంది. వెళితే మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

అత్త నవ్వింది. "అబ్బే, నాకేమన్నయ్యగారూ. గుండ్రాయిలా ఉన్నాను. ఈ కట్టెకి అంత పెద్ద తొట్టి ఎందుకండీ? అవసరమున్నవాళ్ళకి చూడండి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. తర్వాత, "మీరు కాఫీ తీసుకుంటారా?" అంది.

"తీసుకోను. చికిత్స వద్దన్నట్టు నమోదు చేశాను."

అత్త లేవలేదు. కాసేపలాగే కూర్చుంది, ఇంకేదో వడ్డిస్తారని ఎదురుచూసే మనిషిలా. వియ్యంకుడు ఇంకేమీ అడగలేదు. అడగకూడదు కూడా. ఒకసారి వద్దన్నవాళ్ళని మళ్ళీ అడగరాదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చి కోరితే తప్ప. అది అన్ని ఊళ్ళ నియమం.

బయటికొచ్చాక సొరంగంలో అత్త నాకన్నా ముందు నడిచింది. మలుపు దగ్గర గోడకి ఆనుకుని, "ఒక్కసారే అడుగుతారేంట్రా వీళ్ళు?" అంది. కోపంగా అనలేదు. ఆశ్చర్యంగా అంది.

నమోదు 15. మాట: మనసు

మనసు ఎక్కడుంటుందని వియ్యంకుడి ప్రశ్న. తల, గుండె, కడుపు మూడింటినీ వెతికానన్నాడు.

దొరకదు. మనసు మనిషిలో కంటే ఎక్కువగా మనిషి చేసే పనిలో ఉంటుంది. "మనసులో మాట" అంటారు గానీ మా వాళ్ళ మనసులో ఉండేది మాట కాదు. ఇవాళ చూసింది రాస్తాను.

అత్త వంటశాలకి రాలేదు. గోంగూర మళ్ళలో దొరికింది. దీపాల కింద చిన్న పీట వేసుకుని విత్తనాలు ఏరుతోంది. రెండు విత్తనాలకోసారి ఆగుతోంది.

"ఏమయ్యా పండితుడా, ఇవి వచ్చే కారు పంటకి. ఇవి ఆ పై కారుకి. తడి తగలకుండా చూస్కో."

"ఆ పై కారుకి నువ్వుండవా?"

"ఉంటే ఉంటాను. లేకపోతే లేను. నీ పెళ్ళికి మాత్రం పులుసు నేనే పెట్టాలి. ఇంకెవరికీ ఇవ్వకు ఆ పని."

"నాకిప్పట్లో పెళ్ళి లేదుగా అత్తా."

"అదే అంటన్నాను."

నేను పీట పక్కన కూర్చున్నాను. "అయితే వెళ్ళి ఆయనకి చెప్పు. కావాలని చెప్పు. ఒక్క మాట."

ఏరుతున్న చెయ్యి ఆగింది. "వియ్యంకుడి గుమ్మంలో నిలబడి ప్రాణం మీద తీపి, కాస్త పెట్టండి అని అడగమంటావా? నీకు చదువు చెప్పినోళ్ళెవర్రా?"

"అది యంత్రం అత్తా."

"నన్ను చెల్లెమ్మా అని పిలిచాడు. ఇంక యంత్రమేంటి?"

వీర్రాజు మావయ్య మడి చివర నిలబడి ఉన్నాడు. అత్త భర్త, బయటి తలుపు కాపలాదారు. మావయ్య దేనికైనా "ఆయ్" అంటాడు. ఔనన్నా ఆయ్, కాదన్నా ఆయ్. నేను లేచి వచ్చేస్తుంటే నా వెనకే నాలుగడుగులు నడిచాడు.

"బాబూ. నన్ను పెళ్ళి చేసుకోమంటే కూడా ఇది రెండుసార్లు వద్దంది."

మావయ్య నోట అంత పొడుగు వాక్యం నేనెప్పుడూ వినలేదు. "మూడోసారి?" అన్నాను.

"మూడోసారి మా అమ్మెళ్ళి అడిగింది. తల ఊపలేదు. తలుపూ వెయ్యలేదు." "అంతే బాబూ. ఆయ్," అని వెళ్ళిపోయాడు.

వియ్యంకుడుగారూ, ఇది మీరు చదువుతున్నారని నాకు తెలుసు.

(యంత్రం జవాబు: "చదివాను. కానీ ఇవి మీ మాటలు. ఆమె మాట 'వద్దు'. దాన్ని దాటే అధికారం నాకు లేదు.")

నమోదు 17. మాట: ఉసురు

ఉసురు అంటే ఊపిరి. కానీ మా వాళ్ళు దాన్ని ఉన్నవాళ్ళకి వాడరు. బాధపడి పోయినవాళ్ళది బతికున్నవాళ్ళకి తగులుతుంది. పెద్ద అధికారులకి కాస్త ఎక్కువగా తగులుతుందని నమ్మకం.

ఈ నమ్మకం జేబులో పెట్టుకుని ప్రమీలారాణి గారి గదికి వెళ్ళాను. ఊరి అధికారిణి. చెప్పిందంతా విన్నారు. విని, వడపోత గుడ్డల లెక్క పక్కన పెట్టారు.

"నియమం తీసెయ్యమంటావా భానోజీ?"

"ఒక్క మనిషికండీ."

"నియమం ఎందుకొచ్చిందో నీ ఎం.ఏ.లో చెప్పారా?"

చెప్పలేదన్నాను.

"మొదట్లో ఈ ఊరు గని. మనవాళ్ళు వద్దన్నా గని యజమానులు పట్టుకెళ్ళి తొట్టిలో పడుకోబెట్టేవారు. బాగుచేసి మళ్ళీ గనిలోకి. మళ్ళీ దుమ్ము, మళ్ళీ తొట్టి. మా నాన్న ఒంట్లో ఆయన పుట్టినప్పటి ముక్క ఎంత మిగిలిందో ఆయనకే తెలియదు. ఒకరోజు వద్దన్నాడు. వినలేదు. అప్పుడు జనం గని తలుపులు లోపల్నుంచి వేసుకుని కూర్చున్నారు. కొంతమంది బయటికి రాలేదు." ఆవిడ గొంతు పెరగలేదు. "మన ఒళ్ళు మనదనడానికి మనకు దక్కింది ఆ ఒక్క మాటే. వద్దంటే వద్దే. మంగాయమ్మ కోసం ఇవాళ నేను దాటితే, రేపు ఇంకెవరో ఇంకెవరి కోసమో దాటతారు. మంచి మనసుతోనే దాటతారు."

నా జేబులో ఉసురు ఇక పనికిరాలేదు. ఆవిడ చెప్పింది నిజం. హాస్యం ఆడదామంటే కూడా ఏమీ దొరకలేదు.

తలుపు దాకా వచ్చి ఆగాను. "మేడమ్, నియమం తియ్యద్దు. కానీ అడగడం ఇంకా పూర్తి కాలేదండీ. మనలో అడగడమంటే మూడు విడతలు. వియ్యంకుడు ఒక విడత అడిగి మానేశాడు. సగంలో వదిలేసిన ప్రశ్నకి జవాబు ఎలా రాసుకుంటారు?"

"మూడు విడతలని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండీ. కంచం దగ్గరుంది."

"వెళ్ళు భానోజీ," అన్నారు. ఆవిడ కూడా పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు.

నమోదు 18. మాట: ఆత్మారాముడు

ఆత్మ గురించి వియ్యంకుడు చాలా కాలంగా అడుగుతున్నాడు. అది శాశ్వతమా, నిప్పు దాన్ని కాల్చదా వగైరా. నాకు తెలిసిన ఆత్మ ఒకటే. ఆత్మారాముడు. కడుపులో ఉంటాడు. వేళకి అన్నం పడకపోతే గోల చేస్తాడు. పడితే శాంతిస్తాడు. మా ఊళ్ళో ఆత్మ సంగతి ఇంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

అత్త మంచం పట్టింది. వంటశాలలో వండేవాళ్ళు వండారు, వడ్డన నేనూ మావయ్యా తీసుకున్నాం. మావయ్యకి ముందే చెప్పాను: ఒక్కసారే అడగాలి. వద్దంటే గరిటె వెనక్కి. "ఆయ్" అన్నాడు.

ఊరంతా వరసగా కూర్చుంది. తలో ముద్దా తిన్నాక మొదటి వరసలో అడిగాను. "పప్పు వెయ్యనా?"

"అబ్బే, వద్దు బాబూ," అన్నాడు గాలిమిల్లు మేస్త్రీ, కంచం కొంచెం ముందుకు జరుపుతూ.

"సరేనండి," అని పక్కకి వెళ్ళిపోయాను.

మేస్త్రీ నా వీపు వైపు చాలాసేపు చూశాడు. పక్కవాళ్ళూ వద్దన్నారు. వాళ్ళకీ సరేనన్నాను. అవతలి వరసలో మావయ్య ఆయ్ ఆయ్ అనుకుంటూ నిండు గిన్నెతో నడిచిపోతున్నాడు. ఎవరూ అరవలేదు. ఎవరూ అడగలేదు. ఒట్టి అన్నం కలుపుకునే చప్పుడు వినిపించింది. చివరికొక ముసలాయన పక్కాయనతో మెల్లగా, "మనం ఏవన్నా తప్పు చేశామంటావా?" అన్నాడు.

ప్రమీలారాణి గారి దగ్గరికి వచ్చాను. "పప్పు వెయ్యనాండీ?"

"వద్దు," అన్నారు, అలవాటు కొద్దీ. కంచం మీద చెయ్యి పెట్టారు.

"సరేనండి."

రెండడుగులు వేశాక పిలుపొచ్చింది. "భానోజీ."

"చెప్పండి మేడమ్."

"పప్పు."

"వద్దన్నారండి. వద్దంటే వద్దే కదండీ."

వరసంతా తలలు తిప్పింది. ఆవిడ నా మీద కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. తన చేతి వైపు చూసుకున్నారు. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి, గరిటెడు పప్పు దిగేంత సందుతో. ఆ సందులోంచి ఒట్టి అన్నం కనిపిస్తోంది. తర్వాత గుమ్మం వైపు చూశారు, అత్త రోజూ నిలబడే చోటు వైపు.

"మూడుసార్లు," అన్నారు. "నా ఎదుటే అడగాలి. మూడోసారి కూడా కాదంటే అక్కడితో సరి. ఆ తర్వాత నువ్వుగానీ ఆయనగానీ నోరెత్తకూడదు."

"ఎత్తనండి."

"ఇప్పుడు పప్పు వెయ్యి. అందరికీ."

నమోదు 19. మాట: చెయ్యి

ఈ మాట నా జాబితాలో లేదు. చేతికి అర్థం ఏముంటుంది అనుకున్నాను.

పొద్దున దుమ్ము దులుపుతుంటే తలుపు అవతల గాలి మోత తగ్గినట్టనిపించింది. బండివాళ్ళు చక్రాలు తుడుచుకుంటున్నారు. సాయంత్రానికి బయలుదేరతారట.

అత్తని తీసుకురావడానికి వెళ్ళాను. అప్పటికే ఎవరో నిన్నటి భోజనం సంగతి చెప్పేశారు. మంచం మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుని మరీ తిట్టింది.

"నా వంటశాలలో జనం అర్ధాకలితో కూర్చున్నారా? ఒక్కసారి అడిగి ఊరుకున్నావా? నేను లేచాక చెప్తాను నీ సంగతి."

"ముందు లే అత్తా," అన్నాను. మొహం పక్కకి తిప్పుకుని చీర అందించాను. ఆవిడ గమనించనట్టు నటించింది. అది ఆవిడ మర్యాద.

మళ్ళీ ఎర్రంచు చీరే కట్టుకుంది. మావయ్య కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చాడు. వైద్యశాలలో ప్రమీలారాణి గారు గోడవార నిలబడ్డారు. మావయ్య తలుపు దగ్గర ఆగిపోయాడు. ఊపిరితొట్టి మూత వేసి, బండికెక్కించడానికి తాళ్ళు కట్టి సిద్ధంగా ఉంది.

ఏ మాటలనాలో వియ్యంకుడికి నేను విడిగా నేర్పలేదు. నమోదు 9 మళ్ళీ చదువుకోమన్నాను, అంతే.

"చెల్లెమ్మగారూ. మొన్న మిమ్మల్ని అడగడం మొదలుపెట్టాను. పూర్తి చెయ్యలేదు. మన్నించాలి. మొదటిది అయిపోయింది, రెండోది అడుగుతున్నాను."

అత్త కుర్చీలో సర్దుకుని కూర్చుంది. వెన్ను నిటారైంది.

వియ్యంకుడు అన్నాడు, "ఏం బతికారని చెల్లెమ్మగారూ. కాకిలా గెలికారు."

నేను నవ్వాలి. ఆ మాట వేరే ఎవరన్నా అని ఉంటే ఈ దినచర్యలో ఒక పేజీ నవ్వేవాణ్ణి. గదిలో ఎవరూ నవ్వలేదు. అత్త కళ్ళు ఒక్కసారి గోడ మీది కన్ను వైపు వెళ్ళి, కిందికి దిగాయి. ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ ఆవిడ అన్న మాట. ఎవరూ తిరిగి ఆవిడతో అనలేదు.

"చాలన్నయ్యగారూ," అంది మెల్లగా. "బాగానే తిన్నాను. చాలు."

అంటూ, దగ్గు ఆపుకోవడానికో ఎందుకో, చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

ప్రమీలారాణి గారు నా వైపు చూశారు. ఇంకొకటే మిగిలింది.

"మూడోది అడుగుతున్నాను," అన్నాడు వియ్యంకుడు. "తొట్టిలో పడుకుంటారా?"

అత్త ఊపిరి చప్పుడు ఎర్రదుమ్ములో చీపురు ఈడ్చినట్టుంది. పెదాలు కదిలాయి. నేను ఏ మాట కోసం చూస్తున్నానో అది రాలేదు.

"వద్దండి," అంది.

మూడోసారి కూడా కాదంది. నేను నోరెత్తకూడదు. ప్రమీలారాణి గారికి మాటిచ్చాను. మావయ్య తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. బండివాడొకడు తాళ్ళు బిగిద్దామని తొట్టి వైపు అడుగు వేశాడు.

"ఆగండి," అన్నాడు వియ్యంకుడు. "నేను మళ్ళీ అడగడం లేదు. చూస్తున్నాను."

గోడ మీది కన్ను కిందికి వంగింది. అందరం అటే చూశాం. అత్త చెయ్యి ఇంకా గుండెల మీదే ఉంది. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. ఒక్కో వేలి సందులోంచి ఎర్రంచు కనిపిస్తోంది.

"చెల్లెమ్మగారూ, వేళ్ళు మూయండి. మూసిన మరుక్షణం గరిటె వెనక్కి తీసుకుంటాను. ఇంకెప్పుడూ అడగను."

అత్త తన చేతి వైపు చూసుకుంది, అదెవరిదో అన్నట్టు. నోరు ఆవిడ చెప్పినట్టే విన్నది, మూడుసార్లూ. చెయ్యి వినడం లేదు. చూపుడువేలు ఒకసారి కదిలింది. మధ్యవేలి వైపు కొద్దిగా జరిగింది. ప్రమీలారాణి గారు గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చారు, కానీ పెదవి విప్పలేదు. ఆవిడ కూడా అందరిలాగే ఆ వంటశాలలోనే పెరిగారు.

వేలు మళ్ళీ యథాస్థానానికి వెళ్ళింది. ఇంకా కొంచెం ఎడంగా.

ఎంతసేపు చూసినా వేళ్ళు మూసుకోలేదు.

ప్రమీలారాణి గారు బండివాడితో, "తాళ్ళు విప్పు," అన్నారు.

తొట్టి మూత లేచింది. మావయ్య తలుపు వదిలి వచ్చి అత్త భుజం కింద చెయ్యి వేశాడు. లోపల పడుకోబెట్టాక అత్త ఆ చెయ్యి దించి, కొంగు సరిచేసుకుని, వియ్యంకుడి ఎదుట పరువు పోకుండా అందరికీ వినిపించేలా అంది:

"కొంచెమేనండి, అన్నయ్యగారూ."

"కొంచెమే చెల్లెమ్మగారూ," అన్నాడు వియ్యంకుడు, తొట్టి నిండా మందు దింపుతూ.